సునౌలి గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు: నేపాల్ వెళ్ళేటప్పుడు మీరే అడిగి తీసుకోవాల్సిన కాగితాలు

కాశీ వెళ్ళిన తెలుగు కుటుంబాల్లో చాలామంది అటునుంచి అటే నేపాల్ కూడా చూసి రావాలనుకుంటారు. పశుపతినాథ్, లుంబిని, ఓపిక ఉంటే ముక్తినాథ్. వైష్ణవులకైతే ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి ఆ ఒక్క క్షేత్రం కోసమే బయల్దేరే పెద్దవాళ్ళు ఉన్నారు. ఈ దారిలో ఎక్కువమంది దాటేది సునౌలి దగ్గర. గోరఖ్‌పూర్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ ఒక పెద్ద గేటు, ఇటు మన ఎస్ఎస్‌బీ (సరిహద్దు కాపలా దళం) జవాన్లు, అటు నేపాల్ పోలీసులు, మధ్యలో రిక్షాలు, లారీలు, సంచులు మోసుకుంటూ వచ్చే పోయే జనం. ఆ జనంతో పాటు నడిచి వెళ్ళిపోతే చాలాసార్లు మీ పేరు కూడా ఎవరూ అడగరు.

చిక్కంతా అక్కడే ఉంది. విమానాశ్రయంలో అయితే ఇమిగ్రేషన్ కౌంటర్ దాటకుండా బయటికి రాలేం. సునౌలిలో ఆ కౌంటర్ రోడ్డు పక్కన ఉంటుంది, దారి దాన్ని తప్పించుకుని నేరుగా పోతుంది. "ఇక్కడ ఆగండి, స్టాంప్ వేయించుకోండి" అని చెప్పేవాళ్ళు ఉండరు. రిక్షా అతను అటు గేటు దాటించి బస్టాండులో దించేస్తాడు. ఆ తర్వాత కాఠ్‌మాండూ విమానాశ్రయంలోనో, తిరిగి ఇండియా వచ్చేటప్పుడో "మీ ఎంట్రీ ఎక్కడ?" అని అడుగుతారు. అందుకే ఏ కాగితం ఎవరికి కావాలో, దాన్ని ఎక్కడ అడగాలో వరసగా రాస్తున్నాను.

ముందు గేటు ఎందుకంత వదులుగా ఉందో తెలుసుకోండి

1950 జూలై 31న భారత్, నేపాల్ శాంతి, మైత్రి ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఒక దేశ పౌరులు మరో దేశంలో ఉండొచ్చు, తిరగొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. 1,700 కిలోమీటర్లు దాటిన ఈ సరిహద్దులో ఎక్కువ భాగానికి కంచె లేదు. పొలం ఇటు, ఇల్లు అటు ఉన్నవాళ్ళున్నారు. పెళ్ళి సంబంధాలు, కూరగాయల బజారు, ఆసుపత్రి అన్నీ గేటు దాటే నడుస్తాయి. రోజూ దాటే ఆ వేలమందిని ఆపి కాగితాలు చూడటం అయ్యే పని కాదు. కాబట్టి జవాన్లు మనుషుల్ని, సంచుల్ని చూసి అనుమానం ఉంటేనే ఆపుతారు.

ఈ వెసులుబాటు ఆ రెండు దేశాల పౌరులకే. మూడో దేశం పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు వీసా చట్టం మొత్తం వర్తిస్తుంది. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న మన పిల్లలు మన భాషే మాట్లాడుతూ మనలాగే కనిపిస్తారు కాబట్టి జవాను ఆపడు. ఆపకపోయినా చట్టం దృష్టిలో వాళ్ళు వీసా లేకుండా దాటినట్టే.

ఇంకో మాట. ఈ వదులు ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2025లో పహల్గామ్ దాడి తర్వాత సరిహద్దులో తనిఖీలు బాగా పెంచారు. ఎన్నికలప్పుడు రెండు మూడు రోజుల పాటు గేటు పూర్తిగా మూసేస్తారు. పోయినేడాది వెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళు "ఏమీ అడగలేదండీ" అన్నారని వట్టి చేతులతో బయల్దేరకండి.

మొదటి పని: ఇంట్లోనే ఒక లిస్టు రాయండి

బట్టలు సర్దకముందే మీతో వచ్చే ప్రతి మనిషి పేరు, వయసు, ఏ దేశం పాస్‌పోర్ట్ అనేది కాగితం మీద రాయండి. మన ఇళ్ళలో ఇప్పుడు మామూలుగా కనిపించే గుంపు ఇలా ఉంటుంది అనుకుందాం: గుంటూరు నుంచి 70 ఏళ్ళ తాతయ్య, 66 ఏళ్ళ నాన్నమ్మ. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టే ఉన్న కొడుకు. అమెరికా పౌరసత్వం తీసుకున్న కోడలు. అక్కడే పుట్టిన 7 ఏళ్ళ మనవరాలు. వీళ్ళతో పాటు హైదరాబాద్ నుంచి 16 ఏళ్ళ మేనల్లుడు. ఆరుగురూ ఒకే బండిలో వెళ్తున్నా, వాళ్ళకు కావాల్సిన కాగితాలు నాలుగు రకాలు.

కొడుక్కి ఇండియన్ పాస్‌పోర్ట్ చాలు, గ్రీన్ కార్డుతో నేపాల్‌కు సంబంధం లేదు. మామూలు భారతీయ పౌరులకు పాస్‌పోర్ట్ లేదా ఓటరు కార్డు, ఈ రెండిట్లో ఒకటి. ఆధార్ గురించే అందరూ పొరబడతారు. 65 దాటినవాళ్ళకు, 15 ఏళ్ళలోపు పిల్లలకు మాత్రమే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు సరిపోతుంది. కాబట్టి తాతయ్య, నాన్నమ్మ ఆధార్‌తో వెళ్ళొచ్చు. 40 ఏళ్ళ మనిషి ఆధార్ చూపించి గేటు దాటేస్తే దాటేయొచ్చు, కానీ తిరుగు ప్రయాణం కాఠ్‌మాండూ నుంచి విమానంలో అయితే అది చెల్లదు. మేనల్లుడిలాగా 15 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలకు పాస్‌పోర్ట్ లేకపోతే స్కూల్ ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి నిర్ణీత నమూనా ఉంది. సెలవులు ఇచ్చాక స్కూలు చుట్టూ తిరిగే కన్నా ముందే రాయించుకోవడం మంచిది.

భార్యాభర్తలు, మైనర్ పిల్లలు, తల్లిదండ్రులు కలిసి వెళ్తుంటే పెద్దవాళ్ళలో ఒకరి దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండి, మిగిలినవాళ్ళ దగ్గర ఫొటో గుర్తింపు, బంధుత్వం తెలిపే రుజువు ఉంటే సరిపోతుందన్న సడలింపు కూడా ఉంది. అయినా దాని మీద ఆధారపడొద్దనే నేను చెప్తాను. కౌంటర్ దగ్గర నిలబడి ఆ నియమం ఆఫీసరుకు వివరించడం పెద్ద టెన్షన్.

ఇక కోడలు, మనవరాలు. ఈ గైడ్ నిజానికి వాళ్ళ కోసమే.

విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే: రెండు ఆఫీసులు, రెండు స్టాంపులు

ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు) ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఓసీఐ ఇండియాలోకి రావడానికి, ఇక్కడ ఉండటానికి పనికొస్తుంది. నేపాల్ దృష్టిలో ఓసీఐ ఉన్న అమెరికా పౌరురాలు అమెరికా పౌరురాలే. వీసా కావాల్సిందే.

గేటు దాటకముందు ఇండియా వైపు ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళాలి. సునౌలి ప్రధాన రోడ్డు మీదే, గేటుకు ముందే ఉంటుంది. చిన్న ఆఫీసు, చుట్టూ దుకాణాలు, మనీ ఎక్స్‌చేంజ్ బోర్డులు, బస్సు టికెట్ల ఏజెంట్లు. తేలిగ్గా దాటిపోతాం. బస్సు దిగగానే ఎవరినైనా "ఇమిగ్రేషన్ ఆఫీస్ కహాఁ హై?" అని అడగండి. ఎస్ఎస్‌బీ జవానును అడిగితే ఇంకా మంచిది. అక్కడ పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు లేదా ఇండియన్ వీసా చూపించి నిష్క్రమణ స్టాంప్ వేయించుకోవాలి. తేదీ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి.

ఈ స్టాంప్ లేకుండా వెళ్తే ఏమవుతుంది? ఇండియా రికార్డులో మీరు దేశం దాటినట్టు ఉండదు. వీసా మీద వచ్చినవాళ్ళయితే గడువు ఇక్కడే లెక్కవుతూ ఉంటుంది. నేపాల్ ఆఫీసరు కూడా పాస్‌పోర్ట్ తిరగేసి ఇండియా స్టాంప్ లేదని చూస్తే వెనక్కి పంపుతాడు. అలా వెనక్కి పంపితే బాధపడకండి, అది మీ అదృష్టం. చూడకుండా పంపిస్తేనే అసలు ఇబ్బంది.

గేటు దాటాక అటువైపు ఊరు బేలహియా. దాటిన కొద్ది దూరంలోనే నేపాల్ ఇమిగ్రేషన్ ఆఫీసు. పర్యాటక వీసా అక్కడే ఇస్తారు. రుసుము 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125. దరఖాస్తు ముందే ఆన్‌లైన్‌లో నింపి ప్రింట్ తీసుకెళ్తే పని త్వరగా అవుతుంది. డాలర్లు నగదుగా, చిరగని నోట్లుగా పెట్టుకోండి, కార్డు పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కూడా ఒకటి రెండు ఉంచుకోండి.

పిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. 10 ఏళ్ళలోపు పిల్లలకు నేపాల్ ఉచిత వీసా ఇస్తుంది, కానీ అమెరికా పౌరులైన పిల్లలకు ఆ మినహాయింపు లేదు. మన గుంపులోని 7 ఏళ్ళ పాపకు కూడా డబ్బు కట్టాలి. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉన్న 7 ఏళ్ళ పాపకు డబ్బు అక్కర్లేదు, కానీ వీసా స్టాంప్ మాత్రం ఉండాలి. ఉచితం అంటే అవసరం లేదని కాదు కదా.

పగటిపూట చేరేలా చూసుకోండి. రాత్రి బాగా పొద్దుపోయాక కౌంటర్ దగ్గర మనిషి దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు "పొద్దున వచ్చి వేయించుకోండి, ఇప్పుడు పోండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు. వినకండి. సునౌలిలోనో గోరఖ్‌పూర్‌లోనో ఒక రాత్రి ఆగండి.

ఈ వీసా అన్ని దారుల్లోనూ దొరకదు. సునౌలితో పాటు రక్సౌల్, పానీటంకి, బన్‌బసా లాంటి ముఖ్యమైన దారుల్లో ఇస్తారు. ఊళ్ళ మధ్యలోంచి పోయే చిన్న దారుల్లో వీసా ఇచ్చే ఆఫీసే ఉండదు. జనక్‌పూర్ వెళ్దామని బిహార్‌లోని జయనగర్ నుంచి రైలు ఎక్కాలనుకునే కుటుంబాలకు ముఖ్యంగా చెప్తున్నాను: 2022లో మళ్ళీ మొదలైన ఆ రైలు భారత్, నేపాల్ పౌరులకే. మూడో దేశం పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళను ఎక్కనివ్వరు. సీతమ్మ పుట్టిల్లు చూడాలని కోడలికి కూడా ఉంటుంది కదా. ఆమె రక్సౌల్ మీదుగా బీర్‌గంజ్ దాటి, వీసా తీసుకుని అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్ళొచ్చు.

పొరపాటున దాటేసినట్టు తెలిస్తే

భైరహవా బస్టాండు సరిహద్దు నుంచి నాలుగైదు కిలోమీటర్లే. అక్కడ గుర్తొస్తే వెంటనే వెనక్కి వచ్చి రెండు స్టాంపులూ వేయించుకోండి. అదే రోజు, మీ అంతట మీరే వచ్చి చెప్తే మాట వినే అవకాశం ఎక్కువ. పోఖరా, కాఠ్‌మాండూ చేరాక తెలిస్తే విమానాశ్రయం దాకా ఆగకండి. కాఠ్‌మాండూ కాళికాస్థాన్‌లో ఉన్న ఇమిగ్రేషన్ విభాగానికి వెళ్ళి జరిగింది చెప్పండి. జరిమానా కట్టాల్సి రావచ్చు. విమానం ఎక్కే రోజు కౌంటర్ దగ్గర బయటపడితే జరిమానాతో పాటు ఫ్లైట్ కూడా పోతుంది.

తిరుగు దారిలో ఇండియా వైపు ఇంకా గట్టిగా ఉంటుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం సరైన పాస్‌పోర్ట్, వీసా లేకుండా దేశంలోకి వచ్చే విదేశీయులకు ఐదేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. రక్సౌల్, సునౌలిలలో వీసా లేని విదేశీయుల్ని ఎస్ఎస్‌బీ పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. ఓసీఐ ఉన్నవాళ్ళకు ఆ భయం అక్కర్లేదు కానీ పాస్‌పోర్ట్‌తో పాటు ఓసీఐ కార్డు కూడా చేతిలో ఉండాలి. ఇంట్లో మరచిపోయి రావద్దు. ఇండియన్ ఈ-వీసా మీద వచ్చినవాళ్ళు ఇంకో విషయం చూసుకోవాలి. ఆ వీసాతో అన్ని సరిహద్దు చెక్‌పోస్టుల్లోంచీ లోపలికి రానివ్వరు. మీరు వెనక్కి రావాలనుకున్న చెక్‌పోస్ట్ అనుమతించిన జాబితాలో లేకపోతే కాఠ్‌మాండూ నుంచి విమానంలోనే రావాలి. నేపాల్ వెళ్ళకముందే ఇది తేల్చుకోండి.

సొంత బండి ఉంటే: భన్సార్

కారు గానీ, ట్రావెలర్ గానీ తీసుకెళ్తుంటే మీ నోట ఎక్కువగా వచ్చే మాట ఇదే అవుతుంది. భన్సార్ అంటే నేపాల్ కస్టమ్స్, బండికి వాళ్ళిచ్చే పర్మిట్ రసీదును కూడా అందరూ భన్సార్ అనే అంటారు. బండి రకాన్ని బట్టి, ఎన్ని రోజులు ఉంటారో దాన్ని బట్టి రుసుము కట్టాలి. దానితో పాటు అక్కడి రవాణా కార్యాలయం నుంచి రూట్ పర్మిట్. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, కాలుష్య సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్స్ ఒరిజినల్స్ ఉండాలి, జెరాక్స్‌లు రెండేసి సెట్లు పెట్టుకోండి. ఆర్‌సీ మీ పేరు మీద లేకపోతే యజమాని రాసిచ్చిన అనుమతి పత్రం, ఆయన గుర్తింపు కార్డు కాపీ కావాలి. బావమరిది కారు, స్నేహితుడి కారు తీసుకెళ్ళేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

గేటు దగ్గర మళ్ళీ అదే పరిస్థితి. బండి దాటేస్తే ఆపేవాళ్ళు ఉండకపోవచ్చు. పక్క బజారుకు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే బండ్లు రోజూ అలా పోతూనే ఉంటాయి. మీరు బుట్వల్ దాటి కొండల్లోకి ఎక్కాక హైవే మీద ట్రాఫిక్ పోలీసులు ఇండియన్ నంబరు ప్లేటు చూసి మొదట అడిగేది భన్సార్ కాగితమే. లేకపోతే జరిమానా, ఒక్కోసారి బండి సీజ్ చేస్తారు. తాతయ్య, నాన్నమ్మలతో కొండదారిలో బండి పోగొట్టుకుని నిలబడటం ఊహించుకోండి.

రసీదు మీద తేదీ చాలా జాగ్రత్తగా చూడాలి. నేపాల్‌లో విక్రమ సంవత్ నడుస్తుంది. మన 2026 ఏప్రిల్ మధ్యలో వాళ్ళకు 2083 మొదలైంది. నెలలు కూడా మన ఇంగ్లిష్ నెలలతో కలవవు. పర్మిట్ ఎప్పుడు ముగుస్తుందో ఇంగ్లిష్ తేదీలో చెప్పమని ఆఫీసులోనే అడిగి, రసీదు వెనక పెన్నుతో రాసుకోండి, ఫోన్లో అలారం పెట్టుకోండి. కొండదారుల్లో కొండచరియలు విరిగిపడి ఒకటి రెండు రోజులు ఆగిపోవడం వానాకాలంలో మామూలే. అందుకని మీరు అనుకున్న దానికంటే రెండు రోజులు ఎక్కువకే డబ్బు కట్టండి. గడువు దాటాక పడే జరిమానా కన్నా ఇది నయం. విదేశీ బండిని ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి ఉండనివ్వరు.

పసుపు ప్లేటు బండి అద్దెకు తీసుకుంటే, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్నంత మాత్రాన నేపాల్‌కు చెల్లదు. మన రవాణా శాఖ నుంచి నేపాల్‌కు వేరే పర్మిట్ తీసుకోవాలి. డ్రైవరు "ఎప్పుడూ వెళ్తుంటాం సార్, ఏం కాదు" అంటే అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ పర్మిట్ కాగితం చూపించమనండి.

ఏజెంట్ల గురించి కూడా చెప్పాలి. భన్సార్ పని చేసి పెడతామని నలుగురైదుగురు చుట్టుముడతారు. హిందీ రానివాళ్ళకు వాళ్ళ సాయం ఉపయోగమే, కొంచెం డబ్బు ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ మీరు కూడా కిటికీ దగ్గర నిలబడండి, రసీదు మీద బండి నంబరు మీదేనా అని చూడండి. కాగితం లేకుండానే పంపించేస్తాం, సగం డబ్బు ఇవ్వండి అనేవాళ్ళను మాత్రం దగ్గరికి రానివ్వకండి. దారి మధ్యలో పోలీసు ఆపినప్పుడు ఆ ఏజెంటు మీ పక్కన ఉండడు.

ముక్తినాథ్ దారిలో ఇంకో పర్మిట్

ముక్తినాథ్, జోమ్‌సోమ్ ఉన్నది అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో. లోపలికి వెళ్ళడానికి అనుమతి పత్రం కావాలి. భారతీయులతో సహా సార్క్ దేశాలవాళ్ళకు 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000. పోఖరాలోనే తీసేసుకోండి, ఫొటోలు కావాలి. ఇక్కడ కూడా కోడలికి విదేశీ రేటే. బస్సులో గుంపుగా వెళ్ళే యాత్రికులను అన్నిసార్లూ అడగరన్న మాట నిజమే. ఆ డబ్బు అక్కడి దారులు, అడవులు, ఊళ్ళ కోసం వాడేది, కాబట్టి అడగకపోయినా కట్టాలనే నా అభిప్రాయం.

డబ్బు సంగతి క్లుప్తంగా. మన 100 రూపాయలు అక్కడ 160. 2018 డిసెంబరులో నేపాల్ 100 కంటే పెద్ద ఇండియన్ నోట్లను నిషేధించింది. సడలింపుల గురించి వార్తలు వస్తున్నా, 100 నోట్లు పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. గడియారం 15 నిమిషాలు ముందుకు జరుపుకోండి.

వెనక్కి వచ్చేటప్పుడు

చాలామంది వెళ్ళేటప్పుడు అన్నీ సరిగ్గా చేసి, వచ్చేటప్పుడు అలసటతో వదిలేస్తారు. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు బేలహియాలో నేపాల్ నిష్క్రమణ స్టాంప్, గేటు ఇటు వచ్చాక ఇండియా ప్రవేశ స్టాంప్ రెండూ వేయించుకోవాలి. ప్రవేశ స్టాంప్ లేకుండా గోరఖ్‌పూర్ వచ్చేస్తే, అమెరికా తిరిగి వెళ్ళేటప్పుడు శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసరు కంప్యూటర్‌లో వాళ్ళు ఇంకా ఇండియా బయటే ఉన్నట్టు కనిపిస్తుంది. బండి ఉంటే భన్సార్ కాగితం కస్టమ్స్‌లో చూపించి, బండి బయటికి వెళ్ళినట్టు రాయించుకోండి.

కొడుకు నేరుగా కాఠ్‌మాండూ నుంచి అమెరికా విమానం ఎక్కాలనుకుంటే, నేపాల్ మీదుగా మూడో దేశం వెళ్ళే భారతీయులకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) కావాలా అని కాఠ్‌మాండూ లైంచౌర్‌లోని భారత రాయబార కార్యాలయంలో టికెట్ కొనకముందే కనుక్కోవాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ పోయినా వెళ్ళాల్సింది అక్కడికే. బీర్‌గంజ్‌కు దగ్గరలో ఉంటే అక్కడ మన కాన్సులేట్ ఉంది.

బయల్దేరే ముందు రోజు ప్రతి ఒక్కరి పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా, ఓసీఐ, ఆర్‌సీ ఫొటోలు తీసి కుటుంబంలో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. స్టాంపులు పడగానే వాటి ఫొటోలు కూడా. వీసా, పర్మిట్ రేట్లు మారుతుంటాయి కాబట్టి నేపాల్ ఇమిగ్రేషన్ విభాగం వెబ్‌సైట్‌లో వెళ్ళే వారంలో ఒకసారి చూసుకుని, దానికి తగ్గట్టు డాలర్లు సర్దుకోండి.